యేసు నిజంగా ఉన్నాడా? ఏ వాదాన్ని ఎంచుకోవాలి, ఏ ఆధారం మీద నిలబడాలి

ఈ వాదన మొదలైన పది నిమిషాల్లోనే దారి తప్పుతుంది. “యేసు అనే మనిషి ఉన్నాడా?” అని మొదలై “నీళ్లు ద్రాక్షారసం ఎలా అవుతాయి?” దగ్గర తేలుతుంది. మొదటిది చరిత్ర తేల్చాల్సిన ప్రశ్న, రెండోది నమ్మకానికి సంబంధించింది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ పేరు చెప్పి పునరుత్థానం నిజమని వాదించేవాళ్లూ, అద్భుతాలు నమ్మశక్యం కావు కాబట్టి అసలు మనిషే లేడనేవాళ్లూ చేసే తప్పు ఒకటే: ఒక ప్రశ్నకు దొరికిన ఆధారాన్ని ఇంకో ప్రశ్నకు వాడుకోవడం. కింద ఉన్నదంతా మొదటి ప్రశ్న గురించే.

బరిలో ఉన్న వాదాలు

ప్రధానంగా మూడు. ఒకటి, నాలుగు సువార్తల్లో రాసింది రాసినట్టే జరిగింది. రెండు, క్రీ.శ. 1వ శతాబ్దం తొలి భాగంలో గలిలయలో యేసు అనే యూదు బోధకుడు ఉండేవాడు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు, రోమన్ పాలకుడు పొంతి పిలాతు ఆజ్ఞతో సిలువ మీద చనిపోయాడు. ఆయన గురించి చెప్పే మిగతా విషయాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. మూడు, అలాంటి మనిషే లేడు. మొదట ఆకాశలోకంలోని దైవమూర్తిగా కొలిచారు, ఆ తర్వాతే భూమ్మీద జీవించినట్టు కథ అల్లారు. ఈ మూడోదాన్ని ఇక్కడ కల్పితవాదం అందాం. మన దేశంలో నాలుగోది కూడా చలామణీలో ఉంది: సిలువ మీద చనిపోలేదు, కశ్మీర్ వచ్చి అక్కడే పోయాడని. దాని సంగతి చివర్లో చూద్దాం.

చరిత్రగా చూస్తే ఎంచుకోవాల్సింది రెండోదాన్ని. ప్రాచీన చరిత్ర, యూదు చరిత్ర, కొత్త నిబంధన మీద పనిచేసే పరిశోధకుల్లో అత్యధికులు అక్కడే నిలబడతారు. వాళ్లలో క్రైస్తవులున్నారు, యూదులున్నారు, బార్ట్ ఎర్మన్‌లా విశ్వాసం వదిలేసినవాళ్లూ ఉన్నారు. అయితే ఎక్కువమంది అన్నారన్నది కారణం కాదు. కారణాలు వేరే ఉన్నాయి. వాటిలో గట్టివేవో, పైకి గట్టిగా కనిపించి లోపల డొల్లగా ఉండేవేవో విడదీసుకోవాలి.

ఆధారాన్ని పరీక్షించే తీరు

ఏ రాత చేతికొచ్చినా నాలుగు ప్రశ్నలు వేయండి. జరిగినదానికీ రాసినదానికీ మధ్య ఎన్నేళ్లు? మనకు దొరికిన అతి పాత రాతప్రతి ఏ కాలంది? రాసినవాడు ఇంకొకరి రాత చూసి రాశాడా, విడిగా తెలుసుకున్నాడా? ఈ సంగతి రాయడం వల్ల అతనికి లాభమా, ఇబ్బందా?

మూడో ప్రశ్న దగ్గర చాలామంది జారిపడతారు. నాలుగు సువార్తలున్నాయి కాబట్టి నలుగురు సాక్షులు అనుకుంటారు. మార్కు సువార్తలో సుమారు 660 వచనాలుంటే వాటిలో 600 దాకా సంగతులు మత్తయిలో, చాలాచోట్ల అవే మాటల్లో, మళ్లీ కనిపిస్తాయి. అలాంటి చోట్ల ఇద్దరినీ కలిపి ఒక్కరిగానే లెక్కించాలి. లూకా కూడా మార్కును ముందు పెట్టుకునే రాశాడు. మార్కు రచన క్రీ.శ. 70 ప్రాంతానిది, మత్తయి, లూకా ఆ తర్వాతి దశాబ్దాలవి, యోహాను దాదాపు శతాబ్దం చివరిది. అసలు ప్రతుల్లో రచయితల పేర్లు లేవు, తర్వాత తగిలించినవే.

అన్నిటికంటే గట్టిది: పౌలు యథాలాపంగా అన్న మాట

ఈ విషయం మీద మనకున్న అతి పాత రాతలు సువార్తలు కావు, తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు రాసిన ఉత్తరాలు. ఆయన పేరుతో ఉన్నవాటిలో ఏడింటిని పరిశోధకులు నిస్సందేహంగా ఆయనవే అంటారు: రోమీయులకు, 1, 2 కొరింథీయులకు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, 1 థెస్సలొనీకయులకు, ఫిలేమోనుకు. ఇవన్నీ దాదాపు క్రీ.శ. 50–60 మధ్య రాసినవి.

గలతీయులకు రాసిన ఉత్తరం మొదటి అధ్యాయం 18, 19 వచనాలు తీయండి. తాను యెరూషలేము వెళ్లి కేఫా (అంటే పేతురు) దగ్గర పదిహేను రోజులు ఉన్నాననీ, ప్రభువు సహోదరుడైన యాకోబును తప్ప అపొస్తలుల్లో ఇంకెవరినీ చూడలేదనీ పౌలు చెబుతాడు. ఈ ప్రయాణం సిలువ జరిగిన పదేళ్లలోపుదే. ఇక్కడ పౌలు యేసు ఉన్నాడని నిరూపించాలనుకోవడం లేదు. తన సువార్త (తాను ప్రకటించే సందేశం) యెరూషలేము పెద్దల దగ్గర నేర్చుకున్నది కాదని గట్టిగా చెప్పుకుంటున్నాడు. వాళ్లను కలిసినట్టు ఒప్పుకోవడమే అతని వాదనకు కాస్త నష్టం. అందుకే తర్వాతి వచనంలో, తాను అబద్ధమాడటం లేదని దేవుని ముందు చెబుతున్నానంటాడు. వద్దనుకుంటూనే ఒప్పుకున్న ఇలాంటి మాటకు కోర్టులోనూ విలువ ఎక్కువే.

ఒక మనిషి తమ్ముడిని స్వయంగా కలిసినవాడి ఉత్తరం మన చేతిలో ఉంది. ప్రాచీన కాలపు సామాన్యుల విషయంలో ఇంత దగ్గరి ఆధారం దొరకడం అరుదు.

కల్పితవాదులు దీనికి చెప్పే సమాధానం: “ప్రభువు సహోదరుడు” అంటే బాప్తిస్మం పొందిన ఏ క్రైస్తవుడైనా కావచ్చు, రక్తసంబంధం కానక్కరలేదు. చిక్కేమిటంటే పక్కనే పేతురు ఉన్నాడు. అతనూ క్రైస్తవుడే, అతనికి ఆ బిరుదు లేదు. 1 కొరింథీయులకు 9వ అధ్యాయం 5వ వచనంలోనూ అంతే: మిగతా అపొస్తలులు, ప్రభువు సహోదరులు, కేఫా అని మూడు విడివిడి గుంపులు. అందరికీ వర్తించే పేరైతే అలా విడదీసి చెప్పనక్కరలేదు. కల్పితవాదం మొత్తం ఈ ఒక్క ముడి దగ్గరే బిగుసుకుపోతుంది.

పౌలులో ఇంకా కొన్ని ఉన్నాయి. శరీరం విషయంలో దావీదు వంశం (రోమీయులకు 1:3), స్త్రీకి పుట్టి ధర్మశాస్త్రానికి లోబడినవాడు (గలతీయులకు 4:4), అప్పగించిన రాత్రి రొట్టె పంచడం (1 కొరింథీయులకు 11:23), విడాకులు కూడదన్న ఆజ్ఞ (1 కొరింథీయులకు 7:10). ఇవి తక్కువే, ఆ మాట నిజం. పౌలు యేసు జీవితం గురించి ఎందుకింత పొదుపుగా రాశాడన్నది కల్పితవాదులు వేసే న్యాయమైన ప్రశ్న. ఉత్తరాలు అప్పటికే నమ్మినవాళ్లకు, తగాదాలు తీర్చడానికి రాసినవి అన్నది మామూలుగా వచ్చే జవాబు. అది సగం మేరకే తృప్తినిస్తుంది.

జోసెఫస్: పెద్ద పేరాను పక్కనపెట్టి చిన్న వాక్యం పట్టుకోండి

జోసెఫస్ క్రీ.శ. 37లో యెరూషలేములో పుట్టిన యూదుడు. యూదుల ప్రాచీన చరిత్రను 93–94 ప్రాంతంలో రోములో పూర్తిచేశాడు. అందులో యేసు రెండుచోట్ల వస్తాడు.

అందరూ ఎత్తిచూపేది 18వ పుస్తకంలోని పేరా. అందులో “ఇతనే క్రీస్తు” (అంటే మెస్సీయ, యూదులు ఎదురుచూసిన రక్షకుడు) అని, మూడో రోజు మళ్లీ సజీవంగా కనిపించాడని, అసలు మనిషి అనవచ్చో లేదో అని ఉంది. జీవితాంతం యూదుడిగానే ఉన్నవాడు ఆ మాటలు రాయడు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెన్ జోసెఫస్‌ను చదివి, ఇతను యేసును క్రీస్తుగా ఒప్పుకోలేదని స్పష్టంగా రాశాడు. ఈ పేరాను మొదటిసారి మనకు ఎత్తిరాసి చూపేది 4వ శతాబ్దం మొదట్లో చర్చి చరిత్ర రాసిన యూసేబియస్. అంటే ఎవరో క్రైస్తవ లేఖకుడు చెయ్యి పెట్టాడు. ఎంతమేరకు అన్నదే తగవు: జోసెఫస్ రాసిన చిన్న పేరాకు మూడు నాలుగు మాటలు చేర్చారన్నది ఎక్కువమంది అభిప్రాయం, మొత్తం చేర్పే అనేవాళ్లూ ఉన్నారు. ఇలా సగం తెలిసిన దస్తావేజును వాదనకు పునాదిగా పెట్టుకోకూడదు. ఎదుటివాడు మొదటి నిమిషంలోనే పడగొడతాడు.

20వ పుస్తకంలోది వేరు. క్రీ.శ. 62లో రోమన్ అధికారి ఫేస్తు చనిపోయాడు, కొత్తగా వేసిన అల్బీనస్ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ సందు చూసుకుని ప్రధాన యాజకుడు అనాను సభ పెట్టి కొందరిని రాళ్లతో కొట్టి చంపించాడు. వాళ్లలో ఒకరు యాకోబు. ఏ యాకోబు? క్రీస్తు అనబడే యేసు సహోదరుడు. దీని మీద ఫిర్యాదులు వెళ్లాయి, అగ్రిప్ప రాజు మూడు నెలలకే అనాను పదవి పీకేశాడు. జోసెఫస్‌కు కావాల్సింది అనాను కథ. ఊళ్లో యాకోబులు చాలామంది కాబట్టి ఎవరో గుర్తుపట్టడానికి ఆ మాట వాడాడు, అంతే. దొంగచాటుగా చేర్చే క్రైస్తవుడు “అనబడే” దగ్గర ఆగడు. పైగా క్రైస్తవులు చెప్పుకున్న యాకోబు మరణకథ వేరే: ఆలయం మీంచి తోసి, దుడ్డుకర్రతో కొట్టారని.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది. అనాను తర్వాత ప్రధాన యాజకుడైంది దమ్నాయి కుమారుడు యేసు అనే ఇంకొకడు, ఆ యాకోబు ఇతని తమ్ముడే, “క్రీస్తు అనబడే” అన్నది తర్వాత చేరింది అంటారు. అసాధ్యం కాదు. కానీ జోసెఫస్ ఆ రెండో యేసును తండ్రి పేరుతో కొత్తగా పరిచయం చేస్తున్నాడు. కొద్ది వాక్యాల ముందే చెప్పిన మనిషైతే పరిచయం అక్కడే జరగాలి. పౌలు కలిసిన యాకోబు, జోసెఫస్ రాసిన యాకోబు ఒకే ఊరివాళ్లు, ఒకే అన్నకు తమ్ముళ్లు. ఇద్దరు రచయితలకూ ఒకరి రాతతో ఒకరికి సంబంధం లేదు.

టాసిటస్, మిగతావాళ్లు

టాసిటస్ 116 ప్రాంతంలో రాసిన అన్నల్స్ 15వ పుస్తకం 44వ విభాగంలో 64 నాటి రోము అగ్నిప్రమాదం, నీరో క్రైస్తవుల మీద నెపం వేయడం వస్తాయి. క్రీస్తుకు తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు మరణశిక్ష వేశాడని అక్కడ ఒక ముక్క. క్రైస్తవులంటే టాసిటస్‌కు చీదర, కాబట్టి వాళ్లకోసం రాసింది కాదు. అయితే దీన్ని ప్రభుత్వ దస్తావేజు చూసి రాశాడని చెప్పకండి. పిలాతును అతను ప్రొక్యురేటర్ అన్నాడు; 1961లో కైసరయలో దొరికిన రాతిశాసనంలో పిలాతు హోదా ప్రిఫెక్ట్. రికార్డు తీసి చూసినవాడు ఆ తప్పు చేయకపోవచ్చు. రోములో అందరికీ తెలిసిన సంగతిగా రాశాడనుకుంటే సరిపోతుంది.

112 ప్రాంతంలో రోమన్ గవర్నర్ ప్లినీ రాసిన ఉత్తరం క్రైస్తవులు క్రీస్తును దేవుడిలా పాటలతో కొలుస్తున్నారని చెబుతుంది, మనిషి ఉన్నాడా లేదా అన్నదానికి పనికిరాదు. రోమన్ రచయిత సుయెటోనియస్ రాసిన “క్రెస్తుస్” ఎవరో తేలదు. యూదుల గ్రంథం తాల్ముద్ మాటలు మరీ ఆలస్యంవి. ఈ మూడింటినీ వదిలేయండి.

సువార్తల్లోనుంచి ఏం తీసుకోవచ్చు

ఒక్క సంఘటనను నాలుగు పుస్తకాల్లో వరసగా చూస్తే పద్ధతి తెలుస్తుంది. యోహాను చేత యేసు బాప్తిస్మం.

మార్కు మొదటి అధ్యాయంలో అది సూటిగా ఉంది: పాపక్షమాపణ కోసం యోహాను బాప్తిస్మం ఇస్తున్నాడు, యేసు వచ్చి తీసుకున్నాడు. మత్తయి అదే కథకు ఒక సంభాషణ చేర్చాడు: నేనే నీ చేత తీసుకోవాలి, నువ్వు నా దగ్గరికి రావడమేమిటని యోహాను వారిస్తాడు. లూకా అయితే యోహానును హేరోదు అంతిప చెరలో వేయించిన సంగతి ముందు చెప్పేసి, ఆ తర్వాత యేసు బాప్తిస్మం పొందాడంటాడు, ఇచ్చిందెవరో చెప్పడు. నాలుగో సువార్తలో యోహాను ఉన్నాడు, సాక్ష్యం చెబుతాడు, బాప్తిస్మం ఇచ్చిన దృశ్యం మాత్రం మాయం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంఘటన రచయితలకు ఇబ్బందిగా మారుతూ వచ్చింది. గురువును వేరే గురువు దగ్గరికి, అదీ పాపక్షమాపణకు, ఎవరూ సరదాకు పంపరు. జరిగింది కాబట్టి దాటవేయలేక సర్దుకున్నారు.

పుట్టిన ఊరిదీ అదే కథ. మెస్సీయ బేత్లెహేములో పుట్టాలి, యేసు మాత్రం నజరేతువాడని అందరికీ తెలుసు. మత్తయి, లూకా ఇద్దరూ ఆ రెండింటినీ కలపడానికి రెండు వేర్వేరు కథలు చెప్పారు, అవి ఒకదానికొకటి పొసగవు. మత్తయి ప్రకారం పుట్టుక ఆ అంతిప తండ్రి, పెద్ద హేరోదు బతికుండగా, అంటే క్రీ.పూ. 4కు ముందు. లూకా చెప్పిన, రోమన్ గవర్నర్ కురేనియ చేయించిన జనాభా లెక్కలు యూదయలో జరిగింది క్రీ.శ. 6లో. దాదాపు పదేళ్ల తేడా. దీన్ని చూపించి “అంతా కట్టుకథ” అంటారు. పుట్టుక కథలు కట్టుకథలే కావచ్చు, కానీ మొత్తం కల్పించేవాడికి నజరేతుతో పనేముంది? నేరుగా బేత్లెహేము వాసిని చేస్తే పోయేది. నజరేతు అనే ఊరే అప్పట్లో లేదన్న మాట కూడా ఇంకా తిరుగుతోంది. 2009లో అక్కడ తొలి రోమన్ కాలపు ఇల్లు తవ్వకాల్లో బయటపడింది.

ఈ “ఇబ్బంది” కొలబద్దను అతిగా వాడకూడదు. మనకు ఇబ్బందిగా తోచింది మార్కుకు తోచకపోయి ఉండవచ్చు. బాప్తిస్మం, నజరేతు, సిలువ లాంటి రెండు మూడు చోట్ల పనిచేస్తుంది. ప్రతి వచనానికీ తగిలిస్తే ఏదైనా నిరూపించవచ్చు.

ఏది ఎంత ఖాయం అంటే: సిలువ మరణం, బాప్తిస్మం దాదాపు నిస్సందేహం. పిలాతు పాలన 26–36 మధ్య కాబట్టి మరణం 30 లేదా 33 అంటారు. గలిలయలో బోధ, దేవుని రాజ్యం గురించిన ప్రకటన, శిష్యబృందం, యెరూషలేము ఆలయంలో గొడవ బాగా నమ్మదగినవి. బేత్లెహేములో పుట్టుక, చూడవచ్చిన జ్ఞానులు, హేరోదు చేయించిన శిశువధ బలహీనం. పునరుత్థానం విషయంలో చరిత్రకారుడు చెప్పగలిగింది ఒక్కటే: ఆయన్ను చూశామని అనుచరులు చాలా తొందరగానే చెప్పడం మొదలుపెట్టారు (1 కొరింథీయులకు 15:3–8).

మూడో వాదం ఎంచుకుంటే

కల్పితవాదం పిచ్చి మాట కాదు. 19వ శతాబ్దంలో బ్రూనో బావర్, 1909లో ఆర్థర్ డ్రూస్, ఈ కాలంలో రిచర్డ్ క్యారియర్ దాన్ని శ్రమపడి నిర్మించారు. సువార్తలు ఆలస్యమన్నా, మార్కులో పాత నిబంధన అచ్చులు కనిపిస్తున్నాయన్నా వాళ్లు చెప్పేది సరైనదే. దశాబ్దాలపాటు ఇదే వాదించిన జి. ఎ. వెల్స్ మాత్రం చివరికి వెనక్కి తగ్గి, సువార్తల కొన్ని బోధల వెనుక ఒక గలిలయ బోధకుడు ఉన్నాడని ఒప్పుకున్నాడు.

ఈ వైపు నిలబడాలంటే మూడింటికి జవాబు సిద్ధం చేసుకోవాలి: యాకోబు ఎవరు, దావీదు వంశం, స్త్రీకి పుట్టడం ఆకాశంలో ఎలా జరిగాయి, సిలువ మీద చచ్చిన మెస్సీయను ఏ యూదుడు, ఎందుకు కల్పించుకుంటాడు. ఇంటర్నెట్‌లో దొరికే ఈజిప్టు దేవుడు హోరస్, రోమన్లు కొలిచిన మిత్ర పోలికలు వీటికి జవాబు కావు. హోరస్‌కు పన్నెండుమంది శిష్యులు, కన్యక తల్లి అన్నది ఈజిప్టు రాతల్లో లేదు. ఇసిస్ గర్భవతి అయింది చనిపోయిన భర్త ఒసిరిస్ శరీరం వల్ల. మిత్ర బండరాతి నుంచి పుడతాడు. డిసెంబరు 25 సువార్తల్లోనే లేదు, ఆ తేదీ ఎక్కణ్నుంచి వచ్చినా మనిషి ఉన్నాడా లేదా అన్నదానికి సంబంధం లేదు.

“ఆ కాలం రచయితలెవరూ రాయలేదు” అన్న వాదం వినడానికి బాగుంటుంది. సాధారణంగా చూపేది యూదు తత్వవేత్త, అలెగ్జాండ్రియా ఫిలోను. అతను బాప్తిస్మమిచ్చు యోహానును కూడా రాయలేదు, యోహాను ఉన్నాడని ఎవరూ సందేహించరు. 2వ శతాబ్దంలో క్రైస్తవాన్ని తూర్పారబట్టిన సెల్సస్ యేసును ఒక సైనికుడికి పుట్టినవాడన్నాడు, ఈజిప్టులో మాయలు నేర్చినవాడన్నాడు. లేడనలేదు.

వస్తువులను నమ్ముకోవద్దు

యేసు దేహాన్ని చుట్టిందని చెప్పే తూరిన్ వస్త్రానికి 1988లో కార్బన్ పరీక్ష చేస్తే 1260–1390 మధ్యదని వచ్చింది. “యేసు సహోదరుడు యాకోబు” అని రాసి ఉన్న ఎముకల పెట్టె 2002లో వెలుగులోకి వచ్చింది, ఏ తవ్వకంలోనూ దొరికింది కాదు. మరుసటి ఏడు ఇజ్రాయెల్ పురావస్తు శాఖ కమిటీ ఆ రాత నకిలీ అంది. 2012లో కోర్టు నిందితుణ్ని ఫోర్జరీ ఆరోపణ నుంచి విడుదల చేసింది, అంతమాత్రాన రాత అసలుదని తేలినట్టు కాదని కూడా చెప్పింది. 1968లో యెరూషలేము దగ్గర మడమ ఎముకలో మేకుతో దొరికిన యెహోహానాన్ అస్థికలు నికార్సైనవే, కానీ అవి చెప్పేది సిలువ వేసినవాణ్ని కూడా కొన్నిసార్లు సమాధి చేసేవాళ్లని మాత్రమే.

కశ్మీర్, లదాఖ్, శాలివాహనుడు

తెలుగు వాట్సాప్ గుంపుల్లో ఎక్కువగా తిరిగేది ఇదే. యేసు భారతదేశంలో చదువుకున్నాడన్న కథను 1894లో రష్యన్ రచయిత నికొలాస్ నోటోవిచ్ ప్రచారంలోకి తెచ్చాడు, లదాఖ్‌లోని హెమిస్ మఠంలో రాతప్రతి చూశానని. మరుసటి ఏడే ఆర్కిబాల్డ్ డగ్లస్ ఆ మఠానికి వెళ్లి అడిగితే అలాంటి ప్రతి లేదని ప్రధాన లామా చెప్పాడు. శ్రీనగర్ రోజాబల్ సమాధిని యేసుది అన్నది అహ్మదియా ఉద్యమం స్థాపించిన మీర్జా గులాం అహ్మద్. ఆయన కాలానికీ యేసు కాలానికీ మధ్య 1,800 ఏళ్లకు పైనే.

భవిష్య పురాణంలో శాలివాహనుడు హిమాలయాల్లో ఈశపుత్రుణ్ని కలిశాడని ఉంది కదా అంటారు. ఉంది. ఆ ప్రతిసర్గ పర్వంలోనే అక్బరు, ఆంగ్లేయుల పాలన కూడా ఉన్నాయి. ఆ భాగం ఎంత ఆలస్యంగా రాసిందో అదే చెబుతోంది. ఈ నాలుగో వాదాన్ని పరిశీలనలోకి తీసుకోనక్కరలేదు.

ఎవరికి ఏది

పరీక్షకో వ్యాసానికో రాస్తుంటే రెండో వాదం రాసి, ఏది ఖాయం ఏది సంభావ్యం అన్నది పై క్రమంలో విడదీయండి. సండే స్కూల్లో చెప్పేవాళ్లకు మొదటి వాదం విశ్వాసంగా ఉండవచ్చు. దానికి చరిత్ర రుజువుగా జోసెఫస్ పెద్ద పేరానూ తూరిన్ వస్త్రాన్నీ చూపిస్తే, పిల్లలు కాలేజీకి వెళ్లి నిజం తెలుసుకున్న రోజు మిగతావన్నీ కూడా అనుమానిస్తారు. హేతువాదులకు రెండో వాదం వల్ల పోయేదేమీ లేదు. మనిషి ఉన్నాడని ఒప్పుకుంటే దేవుడని ఒప్పుకున్నట్టు కాదు, పైగా బలహీనమైన వాదాన్ని మోసే బరువు తగ్గుతుంది.

స్వయంగా చూసుకోవాలంటే ఈ వరసలో చదవండి. ముందు గలతీయులకు మొదటి రెండు అధ్యాయాలు, పది నిమిషాలు చాలు. తర్వాత 1 కొరింథీయులకు 15 మొదటి 11 వచనాలు. ఆ పైన మార్కు సువార్త ఒకేసారి కూర్చుని చదవండి, గంటన్నర పడుతుంది. 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆపండి, 9 నుంచి 20 దాకా ఉన్నవి 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతుల్లో లేవు. ఆఖర్న జోసెఫస్ 18వ పుస్తకం 3వ అధ్యాయం 3వ భాగం, 20వ పుస్తకం 9వ అధ్యాయం 1వ భాగం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఇంగ్లిషు అనువాదం 1737 నాటి విలియం విస్టన్‌ది, అందులో అనుమానపు వాక్యాలు మిగతావాటితో కలిసిపోయి ఉంటాయి. లైబ్రరీలో లోబ్ ప్రచురణ (గ్రీకు మూలం, ఎదురుగా ఇంగ్లిషు అనువాదం) దొరికితే అదే తీసుకోండి, ఎక్కడ తగాదా ఉందో అడుగున వివరణల్లో ఉంటుంది.